గణితాభ్యాసమునకు భాష చేయు సాయము, కలిగించు చిక్కు

గణితము భాషాతీతమైన శాస్త్రమని లోకమునం దొక యభిప్రాయము కలదు. రెండును రెండును కలిసి నాలుగగుట తెలుఁగుదేశమునను జర్మనీదేశమునను నొక్కటియే గదా యని దానికిఁ జెప్పు నుపపత్తి. ఈ మాట సంఖ్యల విషయమున సత్యమే. సంఖ్యలను నేర్చుకొను బాలుని విషయమున మాత్రము సత్యము కాదు. బాలునకు సంఖ్య మొదట మాటగానే వచ్చును. అంకె పిమ్మట వచ్చును. సంఖ్యయొక్క తత్త్వ మా రెంటికిని పిమ్మట బోధపడును. ఈ క్రమమున మాట తడఁబడినచో నంకె తడఁబడును. అంకె తడఁబడినచో లెక్క తప్పును.

లెక్క తప్పిన బాలుని చూచి వీనికి గణితబుద్ధి లేదని నిర్ణయించుట సులభము. తప్పు లెక్కలోనిదో, లెక్కను తెలిపిన వాక్యములోనిదో విచారింపక చేసిన యా నిర్ణయము పెక్కుమంది చదువునకు నడ్డుకట్ట యగుచున్నది. కావున గణితోపాధ్యాయుఁడే కాక భాషాపండితుఁడును విచారింపవలసిన విషయ మిది. భాష యేయే చోట్ల గణితమునకుఁ దోడ్పడునో, యేయే చోట్ల నడ్డుపడునో క్రమముగాఁ బరిశీలింపఁదగును.

1. సంఖ్యానామములు

తెలుఁగు సంఖ్యానామములు గణితాభ్యాసమునకు మిక్కిలి యనుకూలముగా నున్నవి. ఇరువది యనఁగా నిరు పదులు. ముప్పది యనఁగా మూఁడు పదులు. నలుబది యనఁగా నాలుగు పదులు. ఇరువదియొకటి యనునపుడు పదుల స్థానము ముందును, ఒకట్ల స్థానము వెనుకను వచ్చును. 21 అని వ్రాయునపుడును 2 ముందు, 1 వెనుక. చెవి విన్న క్రమముననే చేయి వ్రాయును. పదుమూఁడు, పదునాలుగు మొదలగు వానియందును పది ముందే యున్నది. డెబ్బదియందు ఏడును, తొంబదియందు తొమ్మిదియు కొంత మఱుఁగుపడినను దక్కినవి తేటగానే యున్నవి.

సంస్కృతమున నీ క్రమము తలక్రిందగును. ఏకవింశతి యనఁగా నొకటి ముందు, ఇరువది వెనుక. భూతసంఖ్యలయందును ఒకట్ల స్థానము మొదలుకొని యెడమకుఁ బోవుటయే సంప్రదాయము. హిందీభాషకు నీ వాసన సంక్రమించినది. ఇక్కీస్ అనుదానియందు ఒకటి ముందు వచ్చును. ఉన్‌తీస్ అనఁగా ముప్పదికి నొకటి తక్కువ, అనఁగా 29. ఈ రీతిని 79 ఉనాసీ కాఁగా 89, 99 లకు నవాసీ, నిన్యానవే యని వేఱు మార్గము. కావున హిందీ బాలుఁడు నూఱు వఱకు నించుమించుగా నన్ని పేరులను విడివిడిగా వల్లింపవలసియుండును. తెలుఁగు బాలుఁడు పది పేరులను, పదుల పేరులను నేర్చి తక్కినవానిని తానే కూర్చుకొనఁగలఁడు.

ఈ భేదము కేవలము శ్రవణసుఖమునకు సంబంధించినది కాదు. జర్మనుభాషయందు 21 ని ఒకటియునిరువది యనురీతిని పలుకుదురు. ఆస్ట్రియాదేశమున నేడేండ్ల ప్రాయపు బాలురచేత సంఖ్యలను చెప్పి వ్రాయించి 2009లో ప్రకటించిన పరిశోధనమున, వారి తప్పులలో దాదాపు సగము ఈ తలక్రిందు క్రమము వలననే కలిగినట్లు తేలినది. చెక్ భాషయందు రెండు పద్ధతులును వాడుకలో నున్నవి. అచ్చటి బాలురనే రెండు పద్ధతులను పరీక్షింపఁగా, ఒకట్లు ముందు వచ్చు పద్ధతియందే తప్పు లెక్కువగా వచ్చినవని 2011లో ప్రకటితమైనది. బాలురు వారే, పాఠశాల యదియే, మాఱినది మాట మాత్రమే.

నార్వేదేశపు శాసనసభ యీ చిక్కును గమనించి 1951లో ఒకటియునిరువది యను పద్ధతిని విడిచి ఇరువదియొకటి యను పద్ధతిని పాఠశాలలయందును, రాచకార్యములయందును ప్రవేశపెట్టినది. టెలిఫోను సంఖ్యలను చెప్పుటలోని తడఁబాటు దీనికి ముఖ్యకారణము. ఒక జాతి తన సంఖ్యానామములను శాసనముచే మార్చుకొనుట యరుదైన విషయము. తెలుఁగువారి కట్టి ప్రయాస యక్కఱలేకుండ పూర్వులే సమకూర్చిపెట్టిరి.

అయినను తెలుఁగున రెండు జాగ్రత్తలు కావలయును. నూటయైదు అని చెప్పఁగా 1005 అని వ్రాయు బాలు రుందురు. వారు నూటిని 100 గా వ్రాసి దాని ప్రక్క 5 ను చేర్చుచున్నారు. విన్నది విన్నట్లు వ్రాయుటయే యిది, అజ్ఞానము కాదు. మాటయందు సున్నకుఁ జోటు లేదు, వ్రాఁతయందుఁ గలదు. ఈ భేదము చెప్పక పోయిన బాలునకు దానంతటఁ దెలియదు. రెండవది మనుష్యులను లెక్కించు మాటలు. ఇద్దఱు, ముగ్గురు, నలుగురు, ఎనమండుగురు అనునవి రెండు, మూఁడు, నాలుగు, ఎనిమిదియే. ఈ యేకత్వమును ముందుగా స్పష్టపఱుపనిచో లెక్కలోని ముగ్గురు 3 గా బాలుని కంటికిఁ దోఁపదు.

2. భిన్నములు

భిన్నముల విషయమున పూర్వపు తెలుఁగు లెక్క యెంత సంపన్నమో నేఁడు పలువురు మఱచిరి. పాతిక నాలుగవ వంతు. పరక యెనిమిదవ వంతు. వీసము పదునాఱవ వంతు. అరవీసము ముప్పదిరెండవ వంతు. కాని యఱువదినాలుగవ వంతు. అనఁగా పాతికలో పాతిక వీసము, వీసములో పాతిక కాని. పది పదిగా పెరుగు పూర్ణసంఖ్యలకుఁ బ్రక్కగా నాలుగు నాలుగుగా తఱుగు భిన్నముల వరుస యొకటి వ్యవహారమున నుండెను. వీనికిఁ బ్రత్యేకమైన గుఱుతులును కలవు. అవి 2008లో యూనికోడు వర్ణమాలయం దెక్కినవి.

కొలతపాత్రలును ఈ వరుసనే యనుసరించినవి. కుంచమునకు 4 మానికలు, మానికకు 2 తవ్వలు, తవ్వకు 2 సోలలు, సోలకు 4 గిద్దలు. లెక్కించి చూచిన మానిక కుంచములోఁ బాతిక, తవ్వ పరక, సోల వీసము, గిద్ద కాని. రూపాయకు 16 అణాలుండిన కాలమున అణా రూపాయలో వీసము, బేడ పరక, పావలా పాతిక. భిన్నము పుస్తకమునకుఁ బూర్వమే వంటయింటను, అంగడిలోను బాలునకుఁ బరిచితమై యుండెను. 1957లో దశాంశనాణెములు వచ్చినవి. పిమ్మట మెట్రిక్ కొలతలు వచ్చినవి. వ్యాపారమునకు వానివలనఁ గలిగిన సౌకర్యము నిర్వివాదము. కాని చేతితో ముట్టి యెఱిఁగిన యా మాటలు తొలఁగిన చోట బడి యే మాటలను నిలిపినదో విచారింపవలసియున్నది.

నేఁడు 2/3 ను పెక్కు తరగతులలో రెండు బై మూడు అని చదువుచున్నారు. ఇది యంకెలను పైనుండి క్రిందికిఁ జదువుటయే కాని యర్థమును చెప్పుట కాదు. తెలుఁగున దీనికి మూఁడింట రెండు వంతులు అను చక్కని మాట కలదు. అందు మొదట మొత్తమును మూఁడుగా విభజించుట, పిదప వానిలో రెంటిని గ్రహించుట వరుసగాఁ జెప్పఁబడినవి. మాటయే క్రియను బోధించుచున్నది. కొరియాభాషయందును ఇట్టి రచనయే కలదు. అచ్చటి బాలురను క్రొయేషియా, అమెరికా బాలురతోఁ బోల్చి 1999లో ప్రకటించిన పరిశోధనమున, బడిలో భిన్నములు నేర్పకమునుపే కొరియా బాలురు భిన్నములను చిత్రములతో నెక్కువగా సరిపోల్చఁగలిగిరని తేలినది. 2003లో మఱియొక పరిశోధనము, ఆంగ్లమునందే నాలుగు భాగములలో నొకటి యను విధమున పేరు మార్చి చెప్పినచో అమెరికా బాలురకును మేలు కలుగునని చూపినది. కావున మేలు జాతిలో లేదు, మాటకూర్పులో నున్నది. ఆ కూర్పు తెలుఁగున సిద్ధముగా నుండఁగా బై యను నొక్క యక్షరమునకు దానిని ధారపోయుట యుక్తము కాదు.

3. విభక్తులు, ప్రత్యయములు

12 నుండి 5 తీసివేయుము అను తెలుఁగు వాక్యమున అంకెల క్రమము 12 - 5 అను వ్రాఁతతో సరిపోవును. ఆంగ్లమున 5 ముందు, 12 వెనుక వచ్చును. రెండు భాషల నడుమఁ జదువు బాలుఁడు 5 - 12 అని వ్రాయుటకుఁ గారణ మిది.

తెలుఁగున మఱియొక సూక్ష్మము కలదు. నలుగురు పిల్లలకు మూఁడు పండ్లు పంచితిమి అనిన భాగహారము. నలుగురు పిల్లలకు మూఁడేసి పండ్లు పంచితిమి అనిన గుణకారము. ఏసి యను ప్రత్యయ మొక్కటియే 3 ÷ 4 ను 3 × 4 గా మార్చుచున్నది. చొప్పున, ఒక్కొక్క, తలకు అను మాటల పని యిట్టిదే. ఇవి వ్యాకరణపాఠమున ప్రత్యయములు. గణితపాఠమున నివియే గుణకారచిహ్నములు. వ్యాకరణము చెప్పు పండితుఁడు వీనిని గణితోదాహరణములతోఁ జెప్పిన రెండు పాఠములును సఫలమగును.

తారతమ్యమును తెలుపు వాక్యము లన్నిటికంటెఁ గష్టమైనవి. ఒక తోటలో 48 మామిడిమొక్కలు కలవు. అవి జామమొక్కల కంటె 12 తక్కువ. రెండును కలిసి యెన్ని? తక్కువ యను మాట చూడఁగనే బాలుఁడు 48 లో 12 తీసి, 36 జామమొక్కలని మొత్తము 84 చెప్పును. నిజమునకు జామమొక్కలు 60, మొత్తము 108. తీసివేఁత వానికి వచ్చును, కూడికయు వచ్చును. తక్కువయైన దేదియో వాక్యమునుండి తెలియలేదు. తెలుపు మాటయు, చేయవలసిన క్రియయు విరుద్ధముగా నున్నపుడు తప్పు లధికమగునని అమెరికాలో లూయిస్, మేయర్ అను వారు 1987లో నిరూపించిరి. తక్కువ యన్నఁ దీసివేయుము, ఎక్కువ యన్నఁ గూడుము అని బోధించు నుపాధ్యాయుఁడు తాత్కాలికముగా మార్కులను సంపాదించి పెట్టి, శాశ్వతముగా నీ తప్పును నాటుచున్నాఁడు.

ఈ చిక్కు పిల్లలకే పరిమితము కాదు. విద్యార్థులు ఆచార్యులకు ఆఱురెట్లు అను విషయమును బీజగణితసమీకరణముగా వ్రాయుమని 1981లో ప్రకటితమైన యొక పరిశోధనమున అమెరికాలోని ఇంజనీరింగు విద్యార్థుల నడుగఁగా, మూఁడవవంతు కంటె నెక్కువమంది తప్పు వ్రాసిరి. విద్యార్థుల సంఖ్య వి, ఆచార్యుల సంఖ్య ఆ యైనచో వి = 6ఆ యనుట యొప్పు. వారు 6వి = ఆ యని వ్రాసిరి. మాటల వరుసను చిహ్నముల వరుసగాఁ దింపుట దీనికి నొక కారణము. తెలుఁగున మూఁడురెట్లు ఎక్కువ యను ప్రయోగ మింకను సందిగ్ధము: 5 కు మూఁడురెట్లు 15, మూఁడురెట్లు ఎక్కువ యనఁగా 15 అని కొందఱు, 5 కు 15 చేర్చి 20 అని కొందఱు. పాఠ్యగ్రంథములయం దీ ప్రయోగమును విడిచి మూఁడురెట్లు అని మాత్రమే వ్రాయుట మంచిది.

4. పారిభాషికపదములు

భాషాశాస్త్రవేత్త హాలిడే 1974లో నైరోబీ నగరమున జరిగిన సభకు సమర్పించిన వ్యాసమున, గణితమునకుఁ దనదైన భాషావ్యవహార మొకటి కలదనియు, సామాన్యపదములే యందు వేఱర్థమును ధరించుననియుఁ జెప్పెను. తెలుఁగున దీనికి నుదాహరణములు కోకొల్లలు. వృత్తము పండితునకు ఛందస్సులోనిది, గణితమున గుండ్రని రేఖ. హారము మెడలోనిది, భిన్నమునఁ గ్రిందనుండునది. ఘాతము దెబ్బ, గుణము నడత, మూలము వేరు, పదము మాట. వీని కన్నిటికిని గణితమున వేఱర్థములు గలవు. పెద్దల కిది చమత్కారము. పదియేండ్ల బాలునకు మాత్ర మిది మఱుఁగైన గోయి.

తేటతెనుఁగు మాటయు నొకప్పుడు మోసము చేయును. హెచ్చవేఁత యనఁగా హెచ్చునట్లు చేయుట. 8 ని అరచే హెచ్చవేయఁగా 4 వచ్చినచో బాలుఁడు తాను తప్పితినని తలంచును. భాగించుట యనఁగాఁ దగ్గుట యని నమ్మినవాఁడు 8 ని అరచే భాగించి 16 ను జూచి వెఱఁగుపడును. పూర్ణసంఖ్యలయందుఁ బుట్టిన పేరు భిన్నములయందుఁ జెల్లదని యుపాధ్యాయుఁడు ముందే హెచ్చరింపవలయును.

వీనికంటెఁ గీడైనవి పొడియక్షరములు. క.సా.గు., గ.సా.భా. అని వల్లించి కడతేఱిన విద్యార్థులలో, కనిష్ఠ మనఁగాఁ జిన్నది, గుణిజ మనఁగా నెక్కములో వచ్చునది యని విడమఱచి చెప్పఁగలవారు తక్కువ. 4, 6 ఎక్కములు రెంటియందును వచ్చు సంఖ్యలలోఁ జిన్నది 12 అని మొదట చూపి, పిదప దానికి కనిష్ఠసామాన్యగుణిజ మని పేరు పెట్టినచో నా పేరు నిలుచును. వస్తువు ముందు, పేరు వెనుక యను నీ క్రమమే పరిభాషకుఁ బ్రాణము.

ఈ విషయమునఁ దెలుఁగువారి కొక పూర్వాదర్శము కలదు. రాష్ట్రకూటచక్రవర్తి యమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దమున, మహావీరాచార్యుఁడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. అది యక్షరానువాదము కాదు, తెలుఁగు చదువరి కనుకూలముగాఁ దీర్చిన రచన. శాస్త్రమును భాషాంతరీకరించుట యనఁగాఁ బదములను మార్చుట కాదు, చదువరి బుద్ధికిఁ ద్రోవ చేయుట యని యా కవి యెఱిఁగెను.

5. తప్పెక్కడ పుట్టినది?

ఆస్ట్రేలియాకుఁ జెందిన న్యూమన్ అను విదుషి 1977లో లెక్కలోని తప్పును గనిపెట్టుట కైదు మెట్లను సూచించెను. బాలుఁడు వాక్యమును చదువఁగలఁడా? చదివినదానిని గ్రహించెనా? గ్రహించినదానికిఁ దగిన క్రియను నిర్ణయించెనా? ఆ క్రియను సరిగాఁ జేసెనా? వచ్చిన ఫలమును సరిగా వ్రాసెనా? పై మామిడిమొక్కల లెక్కలో 84 అని వ్రాసిన బాలుఁడు నాలుగవ, అయిదవ మెట్లలోఁ దప్పలేదు; రెండవ మెట్టుననే కాలు జాఱెను. వానిచే నూఱు తీసివేఁతలు చేయించిన ఫలము లేదు. జామమొక్కలు ఎక్కువా, మామిడిమొక్కలు ఎక్కువా అని యొక్క ప్రశ్న యడిగినఁ జాలును. మొదటి మూఁడు మెట్లును భాషకు సంబంధించినవే యని గమనింపవలయును.

భాష కుంటుపడినంతమాత్రమున గణితబుద్ధి కుంటుపడదనుటకును నిదర్శన మున్నది. పుట్టుకతో భాషాభ్యాసమునఁ గష్టము గల ఎనిమిదేండ్ల బాలురను ఇంగ్లండున పరీక్షించి 2007లో ఫలములను ప్రకటించిరి. వారు సంఖ్యలను వరుసగాఁ జెప్పుటయందును, లెక్కలు చేయుటయందును, స్థానవిలువను గ్రహించుటయందును వెనుకఁబడిరి. కాని గణితసూత్రముల యంతరార్థమును గ్రహించుటయందు సమవయస్కులతో సమానముగా నుండిరి. బ్రెజిలుదేశపు రెసీఫె నగరమున వీథులలో సరకు లమ్ము అయిదుగురు బాలురు అంగడిబేరములోని లెక్కలను నూటికి 98 వంతుల సరిగాఁ జెప్పి, అవే లెక్కలను వట్టి యంకెలుగా కాగితముపై నీయఁగా నూటికి 37 వంతులే చేసిరని 1985లో వెల్లడియైనది. కలకత్తా, ఢిల్లీ యంగళ్లలోఁ బనిచేయు బాలురయందు నిదే భేదము కానవచ్చినదని 2025లో ప్రకటితమైనది. వీరికి లోపించినది లెక్క కాదు. బడి లెక్కను చెప్పు తీరు వారికి పరభాష యైనది.

6. రెండు భాషల నడుమ

నేఁడు తెలుఁగు బాలురు పెక్కుమంది గణితము నాంగ్లమునఁ జదువుచున్నారు. ఇంట లక్ష, కోటి, పుస్తకమున మిలియను. ఒకచో 1,00,000, మఱియొకచో 100,000. పది లక్షలు ఒక మిలియను, పది మిలియనులు ఒక కోటి యని రెంటిని ముడివైచి చెప్పినఁ గాని పెద్దసంఖ్య యెంతటిదో తెలియదు. ఏ భాషయందు బోధింపవలయునను వివాద మెట్లు తీఱినను, ఇంటిభాషయందు బాలునకుఁ గల సంఖ్యాజ్ఞానమును త్రోసిపుచ్చుట యే పద్ధతికిని మేలు కాదు. ఆంగ్లపుస్తకములోని లెక్కను ముందు బాలునిచేఁ దెలుఁగునఁ జెప్పించి, పిదప చేయించుట కాలహరణము కాదు. న్యూమన్ చెప్పిన రెండవ మెట్టును దాఁటించుట.

భాషయే సర్వమనియు ననరాదు. తెలుఁగు సంఖ్యానామములు తేటగా నున్నను తెలుఁగు బాలురందఱును గణితవిశారదులు కాలేదు. జర్మనుభాష తలక్రిందుగా నున్నను ఆ దేశమున గౌసువంటి గణితజ్ఞుఁడు పుట్టకపోలేదు. భాష మొదటి మెట్లను సుగమము చేయును, లేదా దుర్గమము చేయును. పైమెట్ల నెక్కించునది బోధన. అయినను మొదటి మెట్టుననే నిలిచిపోయినవానికిఁ బైమెట్లతోఁ బ్రసక్తి లేదు. గణితోపాధ్యాయుఁడు తప్పిన లెక్కను కొట్టివేయుటకు ముందు వాక్యమును బాలునిచేఁ జదివించి యర్థ మడుగుటయు, భాషాపండితుఁడు ఏసి, చొప్పున, కంటె, రెట్లు, వంతులు అను మాటలను లెక్కలతోఁ గూడ బోధించుటయు, గ్రంథకర్తలు వస్తువును జూపి పిదప పేరు పెట్టుటయు నలవడినచో, గణితబుద్ధి లేనివారని వెలివేయఁబడుచున్న వారిలోఁ బలువురు మరలఁ బంక్తిలోనికి రాఁగలరు.